జట్టు వెళ్లిపోయిన ఊరు

ప్రొఫెషనల్ బేస్‌బాల్ చరిత్రలోనే అతి పొడవైన మ్యాచ్ ఎక్కడ జరిగింది? న్యూయార్క్‌లో కాదు. బోస్టన్‌లో అసలే కాదు. పాటకెట్‌లో! అమెరికాలోని అతి చిన్న రాష్ట్రం రోడ్ ఐలాండ్. అందులో ముప్పావు లక్ష జనాభా ఉన్న ఊరు పాటకెట్. అక్కడి జట్టు పేరు పాటకెట్ రెడ్‌సాక్స్. అభిమానులకు మాత్రం ముద్దుగా ‘పాసాక్స్’. ఐదు దశాబ్దాలపాటు ఆ ఊరికి ఉన్న గుర్తింపుల్లో ముందువరసలో నిలిచిన ఆ జట్టు ఇప్పుడు లేదు. ఓడిపోయి మూతపడలేదు, ప్రేక్షకులు లేక అంతకన్నా మూతపడలేదు. పక్క రాష్ట్రానికి వెళ్లిపోయింది.

ఆ మ్యాచ్ సంగతి ముందు చెప్పుకోవాలి.

1981 ఏప్రిల్ 18, శనివారం. తెల్లారితే ఈస్టర్. పాటకెట్‌లోని మెకాయ్ స్టేడియంలో రోచెస్టర్ రెడ్‌వింగ్స్‌తో పోటీ. లైట్లు మొరాయించడంతో అరగంట ఆలస్యంగా మొదలైంది. వచ్చిన ప్రేక్షకులు 1,740 మంది. మామూలుగా బేస్‌బాల్‌లో తొమ్మిది ఇన్నింగ్స్. స్కోరు సమమైతే ఎవరో ఒకరు గెలిచేదాకా ఇన్నింగ్స్ మీద ఇన్నింగ్స్ ఆడుతూనే ఉండాలి. ఆ రాత్రి తొమ్మిది ఇన్నింగ్స్ పూర్తయ్యేసరికి స్కోరు 1-1. పది, పదిహేను, ఇరవై... ఎవరూ పరుగు తీయరే! 21వ ఇన్నింగ్స్‌లో రోచెస్టర్ ఒక పరుగు తీసింది. హమ్మయ్య, అయిపోయిందనుకుంటే పాటకెట్ ఆటగాడు వేడ్ బాగ్స్ కొట్టిన దెబ్బతో స్కోరు మళ్లీ 2-2. సొంత జట్టు ఆటగాళ్లే అతన్ని కౌగిలించుకోవాలో కొట్టాలో తెలియని పరిస్థితి.

అర్ధరాత్రి దాటి 12.50 అయ్యాక కొత్త ఇన్నింగ్స్ మొదలుపెట్టకూడదన్నది లీగ్ నిబంధన. తమాషా ఏంటంటే, అంపైర్లకు ఇచ్చిన నిబంధనల ప్రతిలో ఆ ఏడాది ఆ వాక్యం లేదు! పుస్తకంలో లేనిది తామెలా ఆపుతామన్నారు అంపైర్లు. చలి ఎముకలు కొరికేస్తోంది. ఎదురుగాలికి, హోమ్‌రన్ కావాల్సిన బంతులు గాల్లోనే ఆగి ఫీల్డర్ల చేతుల్లో పడుతున్నాయి. విరిగిన బ్యాట్లను మంటలో వేసుకుని ఆటగాళ్లు చలి కాచుకున్నారు. చివరికి లీగ్ అధ్యక్షుడు హెరాల్డ్ కూపర్‌ను ఫోన్‌లో పట్టుకున్నారు. ఆయన నివ్వెరపోయి, నడుస్తున్న ఇన్నింగ్స్ కాగానే ఆపేయమన్నాడు. అప్పటికి 32 ఇన్నింగ్స్ అయ్యాయి. సమయం తెల్లవారుజాము 4.07. గ్యాలరీల్లో మిగిలినవాళ్లను లెక్కపెడితే 19 మంది! వాళ్లందరికీ ఆ తర్వాత మ్యాచ్‌లు ఉచితంగా చూసేందుకు పాస్‌లు ఇచ్చారు.

ఆ రాత్రి బాగా బౌలింగ్... కాదు, బేస్‌బాల్‌లో పిచింగ్ అనాలి... చేసి తెల్లవారుజామున ఇంటికెళ్లిన లూయిస్ అపాంటేకు మరో కష్టం వచ్చిపడింది. ఇంత రాత్రిదాకా మ్యాచ్ ఏంటని భార్య తలుపు తీయలేదట. రేపు పేపర్లో చూడమన్నాడు. కానీ మ్యాచ్ ఆగేసరికి ఆదివారం పత్రిక అచ్చయిపోయింది. వార్త సోమవారం వచ్చింది!

మిగిలిన ఆట జూన్ 23న పెట్టారు. అప్పటికి మేజర్ లీగ్ ఆటగాళ్లు సమ్మెలో ఉన్నారు. దేశంలో చూడ్డానికి పెద్ద మ్యాచే లేదు. దాంతో విలేకర్లంతా పాటకెట్‌కు పరిగెత్తారు. మైదానం నిండిపోయింది. తీరా చూస్తే ఆట 18 నిమిషాల్లోనే ముగిసింది. 33వ ఇన్నింగ్స్‌లో డేవ్ కోజా కొట్టిన బంతికి మార్టీ బారెట్ పరుగు పూర్తిచేశాడు. పాటకెట్ 3, రోచెస్టర్ 2. మొత్తం ఆట సమయం 8 గంటల 25 నిమిషాలు.

ఈ రికార్డు ఇక బద్దలయ్యేలా లేదు. 2018 నుంచి మైనర్ లీగుల్లో అదనపు ఇన్నింగ్స్‌ను రెండో బేస్ దగ్గర ఒక ఆటగాణ్ని నిలబెట్టి మొదలుపెడుతున్నారు. ఆట త్వరగా తేలిపోవాలని!

పైకి వెళ్లేవాళ్లు... ఉండిపోయేవాళ్లు

ఆ మ్యాచ్‌లో రోచెస్టర్ తరఫున మూడో బేస్ దగ్గర కాపలా కాసిన కుర్రాడు కాల్ రిప్‌కెన్ జూనియర్. తర్వాత మేజర్ లీగ్‌లో 2,632 మ్యాచ్‌లు వరుసగా ఆడి చరిత్ర సృష్టించాడు. పాటకెట్ మూడో బేస్ దగ్గర ఉన్నది వేడ్ బాగ్స్. బాగ్స్ 2005లో, రిప్‌కెన్ 2007లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు సంపాదించారు. మరి గెలుపు దెబ్బ కొట్టిన కోజా? మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

మైనర్ లీగ్ అంటే అదే. మన క్రికెట్‌తో పోల్చాలంటే ఇండియా-ఎ లాంటి జట్టు అనుకోవచ్చు. కాకపోతే దానికో సొంత ఊరు, సొంత మైదానం, సొంత అభిమానులు ఉంటారు. ప్రతి మేజర్ లీగ్ జట్టుకూ కింద మెట్లు మెట్లుగా ఇలాంటి జట్లుంటాయి. అన్నిటికన్నా పై మెట్టు ట్రిపుల్-ఎ. పాసాక్స్ ఆ మెట్టుమీదే ఉండేది. ఇంకొక్క అడుగు వేస్తే బోస్టన్ రెడ్‌సాక్స్! ఆ మైదానం గంట ప్రయాణం.

ఇక్కడో మెలిక ఉంది. ఆటగాళ్లు పాటకెట్ వాళ్లు కాదు. వాళ్లకు జీతమిచ్చేది, ఎవరు ఆడాలో నిర్ణయించేది, ఎప్పుడు పైకి పిలవాలో చెప్పేది బోస్టన్ క్లబ్బే. మాంచి ఫామ్‌లో ఉన్న ఆటగాడు పొద్దున్నే బ్యాగు సర్దుకుని వెళ్లిపోతాడు. సాయంత్రం మ్యాచ్‌కొచ్చిన అభిమాని అతని కోసం వెతుక్కోవాల్సిందే. స్థానిక యజమాని చేతిలో మిగిలేవి... మైదానం, టిక్కెట్లు, తినుబండారాలు, జట్టు పేరు. అంటే మైనర్ లీగ్ జట్టుకు తనదంటూ నిజంగా ఉన్నది ఊరొక్కటే. ఊరు పేరు తీసేస్తే ఏం మిగులుతుంది? ఒక ఒప్పంద పత్రం!

చిత్తడి నేలలో స్టేడియం

పాటకెట్‌కు బేస్‌బాల్ కన్నా పాత చరిత్ర ఉంది. బ్లాక్‌స్టోన్ నది ఒడ్డున శామ్యూల్ స్లేటర్ 1793లో కట్టించిన నూలు మిల్లు అమెరికా పారిశ్రామిక చరిత్రలో తొలి పేజీ. నీటి శక్తితో నూలు వడికే పద్ధతి ఆ దేశంలో నిలదొక్కుకుంది అక్కడే. ఆ తర్వాత నది పొడవునా మిల్లులే మిల్లులు. ఇరవయ్యో శతాబ్దంలో అవి ఒక్కొక్కటే దక్షిణాది రాష్ట్రాలకు తరలిపోయాయి. ఉన్నది వెళ్లిపోవడం ఆ ఊరికి కొత్తేమీ కాదన్నమాట.

మెకాయ్ స్టేడియం ఆ కష్టకాలంలోనే పుట్టింది. మహా మాంద్యం తర్వాత ఉపాధి కోసం చేపట్టిన ప్రభుత్వ పనుల్లో భాగంగా మేయర్ థామస్ మెకాయ్ దాన్ని చిత్తడి నేలలో కట్టించాడు. నిర్మాణానికి తెచ్చిన బండ్లు సైతం బురదలో దిగబడ్డాయని కథలు కథలుగా చెప్పుకొనేవారు. గిట్టనివాళ్లు ‘మెకాయ్ పిచ్చిపని’ అని వెక్కిరించారు. 1942లో ప్రారంభమైన ఆ స్టేడియానికి చివరికి ఆయన పేరే నిలిచింది.

జట్లు మాత్రం నిలవలేదు. 1946లో ‘స్లేటర్స్’ వచ్చింది, నాలుగేళ్లు ఆడి వెళ్లింది. 1966లో ‘ఇండియన్స్’ వచ్చింది, రెండేళ్లకే సర్దేసింది. 1970లో బోస్టన్ రెడ్‌సాక్స్ తన డబుల్-ఎ జట్టును ఇక్కడికి తెచ్చింది. 1973లో దాని స్థానంలోకి ట్రిపుల్-ఎ జట్టు వచ్చింది. వచ్చిన ఏడాదే ఇంటర్నేషనల్ లీగ్ కప్పు గెలిచింది. అయినా డబ్బు లేదు. యజమానులు మారారు. 1976లో జట్టు పేరును ‘రోడ్ ఐలాండ్ రెడ్‌సాక్స్’ అని మార్చి చూశారు. ఊరి పేరు తీసేసి రాష్ట్రం పేరు పెడితే జనం ఎక్కువొస్తారనుకున్నారు కాబోలు. ఫలితం... దివాలా!

మిల్లు యజమాని చేతిలో

అప్పుడొచ్చాడు బెన్ మాండోర్. పుట్టింది కెనడాలోని క్యూబెక్. పెరిగింది పాటకెట్‌కు దగ్గర్లోని వూన్‌సాకెట్ మిల్లు పట్టణంలో. నష్టాల్లో ఉన్న బట్టల మిల్లుల్ని కొని గట్టెక్కించడం ఆయన వ్యాపారం. అప్పటికే చాలించి విశ్రాంతి తీసుకుంటున్నాడు. ఒకప్పటి మేజర్ లీగ్ పిచర్, అప్పటికి బ్యాంకు ఉద్యోగి అయిన చెట్ నికల్స్ వెంటపడి ఒప్పించడంతో 1977లో జట్టు బాధ్యత తీసుకున్నాడు. పేరులో పాటకెట్‌ను మళ్లీ తెచ్చాడు.

ఆ ఏడాది జట్టు లీగ్ పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది. అయినా సీజన్ మొత్తానికి వచ్చిన ప్రేక్షకులు సుమారు 70 వేలు. మాండోర్ కంగారుపడలేదు. మిల్లును గట్టెక్కించే పద్ధతే ఇక్కడా. మైదానం శుభ్రం చేయించాడు. తాగి గొడవచేసేవాళ్లను బయటికి పంపాడు. మిల్లు కార్మికుడు భార్యాపిల్లలతో వచ్చి సాయంత్రమంతా గడిపినా జేబు ఖాళీ కాకూడదన్నది ఆయన లెక్క. అందుకే టిక్కెట్ ధర పెరగనివ్వలేదు. మైక్ టంబూరో, లూ ష్వెక్‌హైమర్ లాంటివాళ్లను పెట్టుకుని దశాబ్దాలపాటు అదే జట్టుతో... ఆటగాళ్లతో కాదు, కార్యాలయ సిబ్బందితో... నడిపించాడు.

మెకాయ్ స్టేడియానికో విచిత్రం ఉంది. ఆటగాళ్లు కూర్చునే డగౌట్లు గ్యాలరీల కిందే, మైదానం మట్టంలో ఉండేవి. పైనున్న పిల్లలకు ఆటగాళ్లు కనిపించరు. మరి ఆటోగ్రాఫ్? పాల డబ్బాను కోసి, అందులో బంతి, పెన్ను పెట్టి, తాడు కట్టి కిందికి వదిలేవాళ్లు. కిందున్న ఆటగాడు సంతకం చేసి తాడు లాగితే పైకి లాక్కునేవాళ్లు. అచ్చం చేపలు పట్టినట్టే! ఆ డబ్బాలకు దొరికినవాళ్లలో రోజర్ క్లెమెన్స్, మో వాన్, నోమార్ గార్సియపారా, డస్టిన్ పెడ్రోయా, మూకీ బెట్స్ లాంటి మహామహులున్నారు. ఇక్కడ ఆడి బోస్టన్‌కు వెళ్లినవాళ్ల చిత్రాలను స్టేడియంలోకి వెళ్లే దారి పొడవునా గోడలమీద పెట్టారు. వెళ్లిపోయినవాళ్లను చూసి బాధపడని, గర్వపడే అలవాటు పాసాక్స్ అభిమానులకు అలా అబ్బింది.

2005 సీజన్లో స్టేడియానికి వచ్చినవాళ్లు 6,88,421 మంది. 1977తో పోలిస్తే దాదాపు పదింతలు! 2010 అక్టోబరులో మాండోర్ కన్నుమూశారు. ఆ తర్వాతా జట్టు 2012లో, 2014లో లీగ్ కప్పు గెలిచింది.

పక్క ఊరికా, పక్క రాష్ట్రానికా?

2015 ఫిబ్రవరిలో మాండోర్ కుటుంబం జట్టును అమ్మింది. కొన్న బృందానికి ముందున్నవాళ్లు ఇద్దరు. ఒకరు బోస్టన్ రెడ్‌సాక్స్ అధ్యక్షుడు లారీ లుకీనో, ఇంకొకరు రోడ్ ఐలాండ్ న్యాయవాది జేమ్స్ స్కెఫింగ్టన్. లుకీనోకు స్టేడియాలు కట్టించడంలో గొప్ప పేరు. బాల్టిమోర్‌లో క్యామ్‌డెన్ యార్డ్స్ రూపుదిద్దుకోవడంలో ఆయనది కీలక పాత్ర. కొత్త యజమానులు రాగానే మెకాయ్ పాతబడిందన్నారు. పక్కనే ఉన్న రాజధాని ప్రావిడెన్స్‌లో నది ఒడ్డున కొత్త మైదానం కడతామన్నారు. అందుకు రాష్ట్రం 30 ఏళ్లపాటు చెల్లించాల్సిన మొత్తం 12 కోట్ల డాలర్లు. జనం భగ్గుమన్నారు. మే నెలలో స్కెఫింగ్టన్ హఠాత్తుగా మరణించారు. ఆ ఏడాది పూర్తికాకుండానే ప్రణాళిక అటకెక్కింది.

జనం కోపానికి కారణం ఒక్క స్టేడియమే కాదు. 2010లో రాష్ట్రం 7.5 కోట్ల డాలర్ల రుణానికి హామీగా నిలబడి ‘38 స్టూడియోస్’ అనే వీడియో గేమ్ కంపెనీని తమ గడ్డమీదికి తెచ్చుకుంది. రెండేళ్లకే అది దివాలా తీసింది. భారం పన్ను చెల్లింపుదారుల నెత్తిన పడింది. ఆ కంపెనీ పెట్టినాయన ఎవరనుకున్నారు? బోస్టన్ రెడ్‌సాక్స్ మాజీ పిచర్ కర్ట్ షిల్లింగ్! బేస్‌బాల్ వాళ్లు మళ్లీ వచ్చి ప్రభుత్వ సొమ్ము అడిగితే జనం ఎలా నమ్ముతారు?

యజమానులు ఈసారి పాటకెట్‌లోనే, స్లేటర్ మిల్లు దగ్గర మైదానం కడతామన్నారు. వ్యయం 8.3 కోట్ల డాలర్లు. జట్టు వాటా 4.5 కోట్లు, రాష్ట్రానిది 2.3 కోట్లు, నగరానిది 1.5 కోట్లు. మొదటి ప్రణాళికతో పోలిస్తే ఇది ఎంతో నయం. 2018 జనవరిలో రాష్ట్ర సెనేట్ ఒప్పుకుంది. ప్రతినిధుల సభ మాత్రం జూన్ వరకూ నాన్చి, అప్పుకు రాష్ట్రం హామీ ఉండకూడదని మార్చి ఆమోదించింది. హామీ లేకపోతే వడ్డీ పెరుగుతుంది. చట్టమైతే వచ్చింది, యజమానుల మనసు మాత్రం అప్పటికే బ్లాక్‌స్టోన్ నదికి ఎగువన ఉంది. 2018 ఆగస్టు 17న ప్రకటన వెలువడింది. జట్టు మసాచుసెట్స్‌లోని వూస్టర్‌కు వెళుతోంది!

తప్పెవరిది? యజమానులు ముందే నిర్ణయించుకున్నారని కొందరు, స్పీకర్ చేజేతులా పోగొట్టాడని కొందరు అన్నారు. ప్రజాధనం పెట్టబోమన్న జనం వాదన తప్పని చెప్పలేం. ఒకసారి కాలినవాళ్లు వాళ్లు. కాకపోతే, వాళ్లు కాదన్నది స్టేడియాన్నే అనుకున్నారు. జట్టూ పోతుందని చాలామంది ఊహించలేదు. నలభై ఏళ్లు ఒకే యజమాని దగ్గరున్న జట్టు ఊరి ఆస్తిలా కనిపించడం సహజం. కాగితంమీద అదెప్పుడూ ఊరి ఆస్తి కాదు. మాండోర్ దాన్ని అమ్మకానికి పెట్టలేదు, అంతే తేడా.

వీడ్కోలు లేకుండానే

2020 సీజన్ పాటకెట్‌లో చివరిది కావాలి. ఊరంతా ఒకసారి వచ్చి చూసుకోవాలి. కరోనా వచ్చింది. మైనర్ లీగుల సీజన్ మొత్తం రద్దయింది. వీడ్కోలు మ్యాచే లేదు! ఆ వేసవిలో మైదానంలో బల్లలు వేసి భోజనాలు వడ్డించారు. నలభై ఏళ్లుగా గ్యాలరీల్లోంచి చూసిన గడ్డిమీద కూర్చుని అభిమానులు భోంచేశారు. ఆట చూడ్డానికి కాదు, చోటు చూడ్డానికి వచ్చారు వాళ్లు.

మరుసటి ఏడాది మేజర్ లీగ్ బేస్‌బాల్ మైనర్ లీగుల నిర్వహణను తన చేతుల్లోకి తీసుకుంది. అనుబంధ జట్ల సంఖ్యను 160 నుంచి 120కి తగ్గించింది. నలభై జట్లకు పైవాళ్ల అండ పోయింది. పాటకెట్ బాధ ఒంటరిది కాదన్నమాట. ఆ మాటకొస్తే వాళ్లకు జట్టు పోయింది పక్క ఊరికి, కొన్ని ఊళ్లకు అదీ లేదు.

వూస్టర్‌లో కొత్త మైదానం పోలార్ పార్క్ 2021 మే 11న ప్రారంభమైంది. మొదట అనుకున్న ఖర్చు పెరిగి పెరిగి సుమారు 16 కోట్ల డాలర్లకు చేరింది. జట్టు పేరు ‘వూసాక్స్’. లోగోలో నవ్వు మొహం. ఎందుకంటే లోకమంతా వాడే ఆ పసుపు నవ్వు బొమ్మను 1963లో గీసింది హార్వే బాల్ అనే వూస్టర్ చిత్రకారుడే. ఊరి గుర్తును జట్టుకు అద్దడం మైనర్ లీగ్‌లో పాత విద్య. దాన్ని వూస్టర్ బాగానే చేసిందని ఒప్పుకోవాలి. ఆ ఊరికి అది సంబరమే. అక్కడా మిల్లులు పోయినవే, అక్కడా జనం ఒక జట్టు కోసం ఎదురుచూసినవాళ్లే. ఈ రెండు ఊళ్లనూ కలిపేది బ్లాక్‌స్టోన్ నది. వూస్టర్‌లో పుట్టి పాటకెట్‌లో ముగుస్తుంది. జట్టు మాత్రం ఎదురీదింది.

మెకాయ్ స్టేడియం నాలుగేళ్లు ఖాళీగా పడుంది. దాని స్థానంలో ఊరిలోని రెండు ఉన్నత పాఠశాలల్ని కలిపి ఒకే పెద్ద బడి కట్టేందుకు 2022 నవంబరులో పాటకెట్ ఓటర్లు ఆమోదం తెలిపారు. 2025లో కూల్చివేత మొదలైంది. ‘పిచ్చిపని’ అనిపించుకున్న కట్టడం 80 ఏళ్లకు పైగా నిలిచింది.

అదే 2025 మే నెలలో పాటకెట్‌లో మరో స్టేడియం తెరుచుకుంది. నది ఒడ్డున, పదివేల మందికి పైగా పట్టేది. రోడ్ ఐలాండ్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ జట్టు అందులో ఆడుతోంది. దానికోసం బేస్‌బాల్‌కు ఇవ్వనన్న ప్రజాధనాన్ని ఈసారి ఇచ్చారు. జట్టు పేరులో ఊరి పేరు లేదు. 1976లో మాదిరిగానే, రాష్ట్రం పేరే పెట్టారు.